తెలుగు పుస్తకాల కేటలాగ్‌కు సబ్జెక్ట్ హెడింగ్‌లు తయారుచేయడం: వేరుశనగ నుంచి జిల్లా పేర్ల దాకా

రాయలసీమలో కొన్నిచోట్ల చెనక్కాయలు అంటారు, కొన్నిచోట్ల బుడ్డలు అంటారు. తెలంగాణలో పల్లీలు. వ్యవసాయ శాఖ కరపత్రంలో వేరుశనగ అని ఉంటుంది, పాత పుస్తకంలో వేరుసెనగ అనో వేరుశెనగ అనో ఉంటుంది. మన దేశంలో అచ్చయ్యే ఇంగ్లిష్ పుస్తకం గ్రౌండ్‌నట్ అంటుంది. అదే పుస్తకం అమెరికాలోని లైబ్రరీకి చేరితే అక్కడి కేటలాగ్‌లో పీనట్స్ కింద కూర్చుంటుంది.

పంట ఒక్కటే. మీ లైబ్రరీలో దాని మీద డజను పుస్తకాలుండి, ఒక్కోదాన్ని ఎంట్రీ చేసినవాళ్లు తమకు తోచిన మాట రాసుకుంటూ పోయారనుకోండి. పల్లీలు అని వెతికిన రైతుకు రెండో మూడో కనిపిస్తాయి. మిగతావి ఉన్నాయని కూడా ఆయనకు తెలియదు. సబ్జెక్ట్ హెడింగ్ ఉన్నది ఇందుకే: ఒక విషయానికి ఒక పేరు ఖాయం చేసి, మిగతా పేర్లలో దేనితో వెతికినా అక్కడికే చేరేలా చేయడానికి. పేరు ఖాయం చేయడం ఇందులో చిన్న పని. మిగతా పేర్లను పట్టుకొచ్చి దానికి కలపడమే అసలు పని. మన లైబ్రరీల్లో మొదటిది చేసి రెండోది వదిలేయడం చాలా మామూలు.

ఈ మార్గదర్శి కొన్ని వేల తెలుగు పుస్తకాలుండి, కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతున్న కాలేజీ, శాఖా గ్రంథాలయం, సంఘాల లైబ్రరీ వాళ్ల కోసం. ఎక్సెల్ షీట్‌తో నెట్టుకొస్తున్నవాళ్లకూ పద్ధతి ఇదే, ఫీల్డ్ నంబర్లు మాత్రం వదిలేయండి.

1. ఏ జాబితా మీద నిలబడతారో ముందే తేల్చుకోండి

అంతా సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1898లో మొదలుపెట్టిన జాబితా ఉంది. దాన్నే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సబ్జెక్ట్ హెడింగ్స్, పొట్టిగా ఎల్‌సిఎస్‌హెచ్ అంటారు. చిన్న లైబ్రరీలను దృష్టిలో పెట్టుకుని అమెరికన్ లైబ్రేరియన్ మినీ సియర్స్ 1923లో తెచ్చిన జాబితా కూడా కొత్త ఎడిషన్లతో ఇప్పటికీ నడుస్తోంది. రెండూ ఇంగ్లిష్ జాబితాలు. తెలుగు సాహిత్యం, తెలుగు కవిత్వం లాంటి విషయాలకు ఎల్‌సిఎస్‌హెచ్‌లో హెడింగ్‌లున్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు 1962 నుంచి మన దేశపు పుస్తకాలు సేకరిస్తోంది కాబట్టి, అమెరికా యూనివర్సిటీల్లో ఉన్న తెలుగు పుస్తకాలకు ఈ ఇంగ్లిష్ హెడింగ్‌లే కనిపిస్తాయి.

నా సలహా ఇది. బయటి నుంచి దించుకున్న రికార్డులో ఎల్‌సిఎస్‌హెచ్ హెడింగ్ ఉంటే చెరిపేయకండి. పక్కనే మీ తెలుగు హెడింగ్ చేర్చండి. మార్క్ 21 అంటే పుస్తకాల వివరాలను కంప్యూటర్‌లో నమోదు చేసే ప్రామాణిక పద్ధతి. అందులో విషయం రాసే గడి 650 ఫీల్డ్; దాని ముందుండే కోడ్ అంకెల్లో రెండోది, అంటే రెండో ఇండికేటర్, 0 అయితే అది ఎల్‌సిఎస్‌హెచ్ హెడింగ్. మీ సొంత హెడింగ్‌కు ఇండికేటర్ 7 ఇచ్చి, సబ్‌ఫీల్డ్ (ఫీల్డ్‌లోని భాగం) 2లో 'లోకల్' అనే కోడ్ పెట్టండి (కోడ్‌ను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి). ఈ తేడా పాటిస్తే రేపు ఏ హెడింగ్ ఎక్కడిదో వేరుచేయడం సులువు. పాటించకపోతే రెండేళ్లలో అంతా కలగాపులగం అవుతుంది.

తెలుగు చదివే పాఠకులే వచ్చే లైబ్రరీలో ఇంగ్లిష్ హెడింగ్‌లు మాత్రమే ఉంచడం నాకు నచ్చదు. వెతికేవాళ్ల భాషలో లేని కేటలాగ్ స్టాక్ రిజిస్టర్‌గా పనికొస్తుందేమో గానీ, పుస్తకం వెతకడానికి పనికిరాదు.

2. పుస్తకం దేని గురించో ఒక వాక్యంలో రాయండి

తెలుగు పుస్తకం టైటిల్‌ను నమ్ముకుంటే మునిగినట్టే. వ్యాస సంపుటాలకు కవితలాంటి పేర్లు పెట్టడం మనవాళ్లకు ఇష్టం. విషయసూచిక చూడండి, అట్ట వెనక చూడండి, ముందుమాటలు చూడండి. మూడు నాలుగు ముందుమాటలుంటే రచయిత సొంతంగా రాసుకున్నది చదవండి, మిగతావి ఎక్కువగా అభినందనలే. చాలా తెలుగు పుస్తకాల చివర పదసూచిక ఉండదు కాబట్టి మధ్యలో రెండు మూడు అధ్యాయాలు తిరగేయక తప్పదు.

తర్వాత కాగితం మీద 'ఈ పుస్తకం ఫలానా దాని గురించి' అని ఒక్క వాక్యం రాయండి. ఉదాహరణకు 'అనంతపురం జిల్లాలో వర్షాధారంగా సాగయ్యే వేరుశనగకు వచ్చే తెగుళ్లు, వాటి నివారణ'. ఇందులో పంట, సమస్య, చోటు మూడూ దొరికాయి.

ఎన్ని హెడింగ్‌లు ఇవ్వాలనే దానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మాన్యువల్‌లో ఒక కొలత ఉంది. పుస్తకంలో కనీసం 20 శాతం భాగం ఆక్రమించిన విషయానికే హెడింగ్ ఇవ్వాలి. మామూలుగా ఆరు దాటవు, పది మించకూడదు. తెలుగు పుస్తకాలకు రెండు మూడు సరిపోతాయి.

ఇక్కడే ఇంకో నియమం. అమెరికన్ లైబ్రేరియన్ చార్లెస్ కట్టర్ 1876లో ప్రచురించిన నియమాల్లో ఉన్నదే ఇప్పటికీ ఆధారం: పుస్తకాన్ని దాని అసలు విషయం కింద పెట్టాలి, ఆ విషయం ఏ పెద్ద వర్గంలోకి వస్తుందో దాని కింద కాదు. ఆయన ఇచ్చిన ఉదాహరణ పిల్లి మీద పుస్తకం. అది 'పిల్లి' కిందే ఉండాలి, జంతుశాస్త్రం కిందో పెంపుడు జంతువుల కిందో కాదు. మనకైతే వేరుశనగ పుస్తకం 'వేరుశనగ' కింద ఉండాలి. 'వ్యవసాయం' అని రాసి చేతులు దులుపుకుంటే ఆ మాట కింద నాలుగు వందల పుస్తకాలు పోగుపడి, ఎవరికీ అక్కరకు రాదు.

3. వాడుకలో ఉన్న పేర్లన్నీ పోగుచేయండి

తొందరపడి పేరు ఎంచుకునే ముందు ఆ విషయానికి ఉన్న పేర్లన్నీ రాసుకోండి. మొదటి ఆధారం మీ చేతిలో ఉన్న పుస్తకాలే. ఆ విషయం మీద అసలు పుస్తకమే లేనప్పుడు దానికి హెడింగ్ అవసరం లేదు. ఎప్పుడో వస్తుందేమోనని ముందుగానే వందల హెడింగ్‌లు కట్టి పెట్టుకోవడం వృథా శ్రమ.

రెండో ఆధారం నిఘంటువులు, పారిభాషిక పదకోశాలు. తెలుగు అకాడమి పదకోశాలు శాస్త్ర విషయాలకు బాగా పనికొస్తాయి. వృత్తులకు సంబంధించిన మాటలకైతే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి చేతుల మీదుగా వచ్చిన మాండలిక వృత్తిపదకోశాన్ని మించింది లేదు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం ఆ తర్వాత వచ్చాయి. ఊరూరూ తిరిగి సేకరించిన మాటలు కాబట్టి ఒకే వస్తువుకు ప్రాంతాన్నిబట్టి ఏమేమి పేర్లున్నాయో అందులో దొరుకుతుంది. కేటలాగ్ చేసేవాళ్ల బల్ల మీద అది ఉండాలి.

మూడో ఆధారం కౌంటర్ దగ్గర వినిపించే మాట. పాఠకులు అడిగిన మాటను అడిగినట్టే ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. 'పంట బీమా' మీద పుస్తకం కావాలని వచ్చినవాళ్లు 'ఇన్సూరెన్స్' అనే అడుగుతారు. ఆ మాట కూడా మీకు కావాలి.

4. ఒక పేరు ఖాయం చేయండి

పోగుచేసిన పేర్లలో ఏది నిలుస్తుంది? నేను చూసేవి ఇవి: పుస్తకాల్లో ఎక్కువగా అచ్చయిన మాటేనా, అన్ని ప్రాంతాలవాళ్లకూ అర్థమవుతుందా, దానికి ఇంకో అర్థం లేదు కదా, పదేళ్ల తర్వాత కూడా ఉంటుందా. ఈ లెక్కన 'వేరుశనగ' గెలుస్తుంది. 'పల్లీలు' చక్కటి మాటే, తెలంగాణలో ఉన్న లైబ్రరీ దాన్నే హెడింగ్‌గా పెట్టుకున్నా తప్పు లేదు. కానీ సాగు పుస్తకాల్లో అది తక్కువగా కనిపిస్తుంది. ఏది ఎంచుకున్నా రెండో పేరు నుంచి దారి ఉందంటే ఎవరికీ నష్టం లేదు. ఈ ఎంపిక మీద మీటింగులు పెట్టి గంటలు గంటలు వాదించుకోవడం నాకు విడ్డూరంగా అనిపిస్తుంది.

సంస్కృత సమాసం, జనం మాట పోటీపడితే జనం మాటకే ఓటు వేయండి. 'కూపములు' కాదు, 'బావులు'. అలాగే ఇంగ్లిష్ మాట స్థిరపడిపోయిన చోట దానికి తెలుగు సృష్టించే పనిలో పడకండి. 'కంప్యూటర్లు' అనే హెడింగ్ పెట్టి, 'గణన యంత్రాలు' నుంచి 'చూడు' ఇవ్వండి, అంటే ఆ మాటతో వెతికినవాళ్లను ఈ హెడింగ్‌కు చేర్చే దారి.

ఏకవచనమా, బహువచనమా? లెక్కపెట్టగలిగేవి, మనుషుల సమూహాలు బహువచనంలో: చెరువులు, కొండపల్లి బొమ్మలు, చేనేత కార్మికులు. పంటలు, పదార్థాలు, భావాలు, కళారూపాల పేర్లు ఏకవచనంలో: వరి, బంగారం, అహింస, బుర్రకథ. దీన్ని ఒకసారి కాగితం మీద రాసుకుని గోడకు అంటించండి, మళ్లీ మళ్లీ అడగాల్సిన పని తప్పుతుంది.

పదాల వరుస మార్చకండి. 'సాహిత్యం, తెలుగు' అని తిప్పి రాసే అలవాటు కార్డు డ్రాయర్ల కాలం నాటిది, అన్ని సాహిత్యాలూ ఒకేచోట పడాలని అలా చేసేవారు. కంప్యూటర్‌లో వెతికేవాళ్లు 'తెలుగు సాహిత్యం' అనే కొడతారు.

ఒకే మాటకు రెండు అర్థాలుంటే బ్రాకెట్లో వివరం చేర్చండి: తాళం (సంగీతం), చింత (చెట్టు). అర్థం స్పష్టంగా ఉన్న చోట బ్రాకెట్ తగిలించడం అనవసరం.

5. స్పెల్లింగ్ దగ్గర మొండిగా ఉండండి

మనిషి కంటికి ఒకేలా కనిపించే రెండు తెలుగు మాటలు కంప్యూటర్‌కు వేర్వేరు కావచ్చు. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో ట్ తర్వాత పొల్లు విడిగా కనిపించాలంటే అక్కడ కంటికి కనిపించని ఒక అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, పెట్టాలి. ఒకరు పెట్టి, ఇంకొకరు పెట్టకుండా టైప్ చేస్తే ఆ తేడాను సర్దుకోలేని సాఫ్ట్‌వేర్‌లో రెండు హెడింగ్‌లు తయారవుతాయి. శనగ, సెనగ, శెనగ సంగతి సరేసరి. సున్న బదులు న్, మ్ రాయడం, ఱ బదులు ర రాయడం, పాత పుస్తకం నుంచి ఎత్తి రాసినప్పుడు అరసున్న కూడా దిగిపోవడం, ఇవన్నీ అంతే.

దీనికి విరుగుడు ఒక్కటే. హెడింగ్‌ను ఎవరూ ప్రతిసారీ టైప్ చేయకూడదు. అథారిటీ ఫైల్ నుంచి, అంటే ఖాయం చేసిన హెడింగ్‌లు, వాటికి కలిపిన పేర్లు ఉండే జాబితా నుంచి, ఎంచుకోవాలి. కోహాలో 650 ఫీల్డ్ పక్కన వెతికి ఎంచుకునే సౌకర్యం ఉంటుంది, దాన్ని అలవాటు చేసుకోండి. ఎక్సెల్ అయితే డ్రాప్‌డౌన్ జాబితా పెట్టండి.

6. 'చూడు', 'ఇది కూడా చూడు' కట్టండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇదే. పోగుచేసిన పేర్లలో ఓడిపోయినవన్నీ ఇక్కడ పనిలోకి వస్తాయి. వేరుశనగకు అథారిటీ రికార్డు ఇలా ఉంటుంది:

150: వేరుశనగ
450: వేరుసెనగ
450: వేరుశెనగ
450: పల్లీలు
450: చెనక్కాయలు
450: బుడ్డలు (వేరుశనగ)
450: గ్రౌండ్‌నట్
550, సబ్‌ఫీల్డ్ డబ్ల్యులో జి: నూనెగింజల పంటలు
550: వేరుశనగ నూనె
670: ఏ పుస్తకం చూసి ఈ పేరు ఖాయం చేశారో దాని వివరం
680: పంట, గింజలకు సంబంధించిన పుస్తకాలకు. నూనె పరిశ్రమకు 'వేరుశనగ నూనె' వాడాలి.

150లో ఉన్నది ఖాయం చేసిన పేరు, 450లు అన్నీ 'చూడు' దారులు, 550లు 'ఇది కూడా చూడు' దారులు. 550లో సబ్‌ఫీల్డ్ డబ్ల్యు కింద జి అనే కోడ్ ఉంటే అది పై వర్గం, ఏ కోడూ లేకపోతే పక్క సంబంధం. కింది వర్గాలను మళ్లీ రాయనక్కర్లేదు. నూనెగింజల పంటల దగ్గరికి వెళ్లినవాళ్లకు కింద వేరుశనగ, నువ్వులు, ఆముదం ఉన్నాయని సాఫ్ట్‌వేర్ తనే చూపించగలదు.

పై వర్గం ఏదో తేల్చడం ఒక్కోసారి చిక్కు. వృక్షశాస్త్రం లెక్కలో వేరుశనగ చిక్కుడు, కంది కుటుంబానిదే. పుస్తకాలకు విషయాన్నిబట్టి సంఖ్యలిచ్చే డ్యూయీ వర్గీకరణ కూడా దాన్ని 633.3 కింద కాయజాతి పంటలతోనే ఉంచింది. కానీ మన రైతుకు, వ్యవసాయ శాఖకు అది నూనెగింజ. నేనైతే నూనెగింజల పంటలనే పై వర్గంగా పెడతాను. కావాలంటే రెండో పై వర్గం కూడా ఇవ్వొచ్చు, ఒకే పై వర్గం ఉండాలన్న నిబంధన లేదు.

మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ చెప్పిన గొలుసు పద్ధతి ఇక్కడ చేతికి ఊతం. పుస్తకానికి ఇచ్చిన వర్గ సంఖ్యను ఒక్కో మెట్టు విడగొట్టి, చివరి మెట్టు నుంచి వెనక్కి చదువుకుంటూ వస్తే ఒక్కో మెట్టులో ఒక్కో పేరు బయటపడుతుంది. వేరుశనగ, కాయజాతి పంటలు, క్షేత్ర పంటలు, వ్యవసాయం. ఏ పై వర్గం మర్చిపోయామో అప్పుడు తెలుస్తుంది.

ఏది 'చూడు', ఏది 'ఇది కూడా చూడు' అనే విచక్షణ కళలు, చరిత్ర విషయాల్లో ఎక్కువ కావాలి. బుర్రకథకు తందాన కథ, తంబుర కథ అనే పేర్లూ ఉన్నాయి, వాటి నుంచి 'చూడు' ఇవ్వండి. జంగం కథ మాత్రం అలా కాదు. బుర్రకథకు అది మూలమని చెబుతారు, కళాకారులు, సందర్భం వేరు. 1940లలో ప్రజా నాట్య మండలి వేదికల మీద సాగిన బుర్రకథ మీద పుస్తకాన్ని జంగం కథ కింద పెడితే పొసగదు. కాబట్టి రెండింటికీ విడి హెడింగ్‌లు, మధ్యలో 'ఇది కూడా చూడు'.

అలాగే 'దళితులు' హెడింగ్‌కు 'హరిజనులు' నుంచి చూడు ఇవ్వొచ్చు. 'ఆది ఆంధ్రులు' అనే మాటను అదే గాటన కట్టకండి. 1917లో విజయవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభతో బలపడిన ఒక ఉద్యమం పేరు అది. 'ఆది ఆంధ్ర ఉద్యమం' అనే విడి హెడింగ్ కావాలి, లేకపోతే ఆ చరిత్ర వెతుక్కునే విద్యార్థికి దారి మూసుకుపోతుంది.

7. ఉపవిభాగాలు, చోట్లు

విషయం తర్వాత చోటు, ఆ తర్వాత కాలం (కాలానికి ముందు 'చరిత్ర' వస్తుంది), చివర పుస్తక రూపం. ఈ వరుసను పాటించండి: 'వేరుశనగ -- తెగుళ్లు -- అనంతపురం జిల్లా', 'బుర్రకథ -- ఆంధ్రప్రదేశ్ -- చరిత్ర -- 20వ శతాబ్దం'. మార్క్‌లో విషయ ఉపవిభాగం సబ్‌ఫీల్డ్ ఎక్స్, చోటు జెడ్, కాలం వై, రూపం వి. 'వేరుశనగ తెగుళ్లు' అని కలిపేసి ఒకచోట, విడగొట్టి ఇంకోచోట రాస్తే మళ్లీ మొదటికే వస్తుంది. విడగొట్టడమే మేలు.

నవలకూ, నవల మీద పుస్తకానికీ తేడా చూపించండి. నవల అయితే రూపం కాబట్టి 655 ఫీల్డ్‌లో 'తెలుగు నవలలు'. నవలల మీద విమర్శ అయితే 650లో 'తెలుగు నవల -- చరిత్ర, విమర్శ'. తెలుగు లైబ్రరీల్లో కథలు, నవలలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఈ ఒక్క తేడా పాటించినా ఎంఏ విద్యార్థులకు బోలెడు టెన్షన్ తగ్గుతుంది.

చోట్ల పేర్లతో మనకున్న తలనొప్పి ఇంకెవరికీ ఉండదేమో. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2016లో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కదిరి మొన్నటిదాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. మరి 1985లో అచ్చయిన 'అనంతపురం జిల్లాలో వేరుశనగ' పుస్తకాన్ని ఏం చేయాలి?

పేరు మాత్రమే మారినప్పుడు కొత్త పేరు హెడింగ్‌గా పెట్టి, పాత పేరు నుంచి చూడు ఇవ్వండి. కడప జిల్లాను వైఎస్ఆర్ జిల్లాగా మార్చినప్పటి సంగతి ఇలాంటిది. జిల్లా ముక్కలైనప్పుడు మాత్రం పుస్తకం ఏ నేల గురించి మాట్లాడుతోందో చూడాలి. 1985 పుస్తకం పాత జిల్లా మొత్తాన్ని చెబితే 'అనంతపురం జిల్లా' ఉంచి, 'శ్రీ సత్యసాయి జిల్లా' కూడా చేర్చండి. ఒక్క కదిరి ప్రాంతం గురించే అయితే కొత్త జిల్లా పేరు చాలు. అథారిటీ రికార్డులో 'ఇది 2022 వరకు ఉన్న పెద్ద జిల్లాకు కూడా వర్తిస్తుంది' అని నోట్ రాయండి. రాష్ట్రం విషయంలోనూ అంతే. 1970లో 'ఆంధ్రప్రదేశ్ చెరువులు' అని వచ్చిన పుస్తకంలో వరంగల్ చెరువులే ఎక్కువ ఉంటే తెలంగాణ హెడింగ్ ఇవ్వకపోవడం పాఠకుడికి అన్యాయం.

8. మనుషుల గురించిన పేర్ల దగ్గర కాస్త ఆగండి

కులాలు, వైకల్యం, లైంగికత, వలస లాంటి విషయాల్లో ఏ పేరు పెడుతున్నామో ఆలోచించాలి. మొదటి ప్రశ్న: ఆ మనుషులు తమను తాము ఏమని పిలుచుకుంటున్నారు? 'వికలాంగులు' అనే మాట వాడే హక్కుల సంఘాలున్నాయి, 'దివ్యాంగులు' అనేది ప్రభుత్వం తెచ్చిన మాట, అది నచ్చనివాళ్లూ ఉన్నారు. ఒకటి ఖాయం చేసి మిగతావాటికి దారి ఉంచండి. తిట్టుగా మారిన మాటను హెడింగ్‌గా పెట్టకండి, అయితే పాత పుస్తకాల్లో ఆ మాట ఉంటే 'చూడు'గా మాత్రం ఉంచొచ్చు.

పెద్ద లైబ్రరీలకూ ఇది తేలికగా తెగలేదు. 'ఇల్లీగల్ ఏలియన్స్' (అక్రమ విదేశీయులు) అనే హెడింగ్ మార్చాలని అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులు 2014లో కోరారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2016లో సరేనంది, చట్టసభలో గొడవ లేచి ఆగిపోయింది. చివరికి 2021 నవంబర్‌లో మార్చారు. మీ లైబ్రరీలో అంత రాజకీయం ఉండదు కాబట్టి మార్చాలనుకున్నది ఈ వారమే మార్చండి.

9. పరీక్షించండి, తర్వాత కాపాడుకోండి

యాభై హెడింగ్‌లు తయారయ్యాక, వాటి తయారీలో పాల్గొనని ఒకరిని కూర్చోబెట్టి వెతకమనండి. వాళ్లు కొట్టిన మాటకు ఏమీ రాకపోతే ఆ మాటను 450గా చేర్చండి. కౌంటర్ నోట్‌బుక్‌నూ నెలకోసారి ఇలాగే తిరగేయాలి. కొత్త హెడింగ్ కన్నా కొత్త 'చూడు' చేర్చడమే ఎక్కువసార్లు అవసరమవుతుంది.

పేరు మార్చాల్సి వస్తే భయపడకండి. ఎల్‌సిఎస్‌హెచ్ కూడా ఎన్నో ఏళ్లుగా వాడిన 'కుకరీ' అనే మాటను 2010లో 'కుకింగ్' అని మార్చుకుంది. కోహాలో పుస్తక రికార్డులు అథారిటీ రికార్డుకు లింక్ అయి ఉంటే, అథారిటీలో ఒక్కచోట మార్చిన పేరు పుస్తకాలన్నిటికీ వెళ్తుంది. లింక్ కాకుండా చేత్తో టైప్ చేసినవి పాత పేరుతోనే మిగిలిపోతాయి, కాబట్టి మార్చిన వెంటనే పాత పేరుతో ఒకసారి వెతికి చూడండి. పాత పేరును చెరిపేయకుండా 450లో పెట్టండి.

హెడింగ్ చేర్చే, మార్చే అధికారం ఒకరిద్దరికే ఇవ్వండి. మిగతా సిబ్బందికి కొత్త మాట కావాలనిపిస్తే పుస్తకం పేరు, తోచిన హెడింగ్, ఎక్కడ చూశారో రాసి ఆ ఒకరిద్దరికి పంపాలి. ఒక హెడింగ్ కింద వంద పుస్తకాలు దాటితే ఉపవిభాగాలు వేయండి. ఏళ్ల తరబడి ఒక్క పుస్తకమే ఉన్న హెడింగ్‌ను మాత్రం తొలగించకండి. ఆ ఒక్క పుస్తకం కోసం వచ్చేవాళ్లకు అదే దారి.